మలుపులో ఆయిల్ ఎటు పోతుంది? డ్రై సంప్, వెట్ సంప్ ఇంజన్ల గురించి ఒక సంభాషణ

సంధానకర్త: నమస్కారం. హనుమకొండ నుంచి మా పాడ్‌కాస్ట్‌కు స్వాగతం. స్పోర్ట్స్ కార్ల వివరాల్లో, ఇంజన్ ఆయిల్ నిల్వకు సంబంధించిన ‘డ్రై సంప్’ అన్న మాటను గొప్పగా చెబుతుంటారు. అది నిజంగా ఎందుకు అవసరమవుతుందో వివరించడానికి ఈరోజు మెకానికల్ ఇంజనీరింగ్ బోధించి పదవీ విరమణ చేసిన మా గురువుగారు మనతో ఉన్నారు. సార్, ముందుగా మామూలు ఇంజన్ నుంచి మొదలుపెడదామా?

అతిథి: అక్కడి నుంచే మొదలుపెట్టాలమ్మా. మన ఊళ్లలో తిరిగే కార్లు, పొలాల్లో దున్నే ట్రాక్టర్లు దాదాపు అన్నీ వెట్ సంప్ ఇంజన్లతోనే నడుస్తాయి. సంప్ అంటే మన మెకానిక్కులు ఛాంబర్ అని పిలిచే తొట్టి. అది పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్ కింద ఉంటుంది, ఆయిల్ అంతా అందులోనే నిలిచి ఉంటుంది. దాని అడుగు దాకా దిగిన ఒక గొట్టం ద్వారా పంపు ఆయిల్‌ను పీల్చి, ఫిల్టరు గుండా బేరింగులకు, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్‌కు పంపుతుంది. పని ముగిశాక ఆ ఆయిల్ తన బరువుతో తానే జారి మళ్లీ ఛాంబర్‌లోకి వస్తుంది. పంపు ఒక్కటే, బయట గొట్టాలు లేవు, ఖర్చు తక్కువ. దీన్ని నాసిరకం ఏర్పాటుగా చూడడం అన్యాయం. 1990లో వచ్చిన హోండా ఎన్ఎస్ఎక్స్ లాంటి మేటి స్పోర్ట్స్ కారు కూడా వెట్ సంప్‌తోనే వచ్చింది.

సంధానకర్త: మరి ఇబ్బంది ఎక్కడ మొదలవుతుంది?

అతిథి: పొడవైన మలుపులో. 80 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తిరిగితే, కారును పక్కకు నెట్టే బలం దాదాపు దాని బరువుతో సమానమవుతుంది. దాన్నే 1 జీ అంటాం. ఆ స్థితిలో ఛాంబర్‌లోని ఆయిల్ మట్టం 45 డిగ్రీలు వాలిపోతుంది. ఆయిల్ ఒక పక్క గోడ మీదికి ఎగబాకుతుంది, పీల్చే గొట్టం మూతి రెండో పక్కన బయటపడుతుంది. ఎండాకాలంలో బావిలో నీళ్లు ఫుట్‌వాల్వ్ కిందికి దిగినప్పుడు మన వ్యవసాయ మోటరు గాలి పీల్చడం రైతులందరికీ తెలిసిందే. ఇక్కడా అదే జరుగుతుంది, కాకపోతే బావిలో నీళ్లు అడుగంటుతాయి, ఛాంబర్‌లో మాత్రం ఆయిల్ నిండుగా ఉండి కూడా పంపుకు అందదు.

సంధానకర్త: ఒకటి రెండు సెకన్లు గాలి పీలిస్తే అంత ప్రమాదమా, సార్?

అతిథి: ఇంజన్ నిమిషానికి 7000 చుట్లు తిరుగుతోందనుకోండి, ఒక్క సెకనులో క్రాంక్ షాఫ్ట్ 116 సార్లకు పైగా తిరుగుతుంది. షాఫ్టునూ బేరింగునూ వేరుచేసి ఉంచేది వెంట్రుక కంటే పలుచని ఆయిల్ పొర మాత్రమే. పీడనంతో ఆయిల్ వస్తూ ఉన్నంతసేపే ఆ పొర నిలుస్తుంది. అది తెగితే లోహం లోహాన్ని రాసుకుంటుంది, మొదట పిస్టన్‌ను క్రాంక్ షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగు దెబ్బతింటుంది. చాలాసార్లు నష్టం ఆ రోజే బయటపడదు. రేస్ ట్రాక్ మీద ప్రతి ల్యాప్‌లో అదే మలుపు దగ్గర కొంచెం కొంచెంగా అరిగి, ఎప్పుడో ఒక రోజు సూటిగా పోతున్న దారిలో ఇంజన్ పట్టేస్తుంది. అందుకే యజమానికి అసలు కారణం అర్థం కాదు. ఈ సంగతి నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే మంచి ఇంజన్లు నిష్కారణంగా పాడవుతున్నాయి.

సంధానకర్త: మన రోడ్ల మీద కూడా ఈ భయం ఉందా?

అతిథి: లేదు. హనుమకొండ నుంచి కరీంనగర్‌కు బాధ్యతగా నడిపే కారుకు 1 జీలో సగం బలం ఎదురవడం కూడా అరుదే. ఎదురైనా క్షణకాలమే ఉంటుంది. అంతలో బేరింగులకు ఆయిల్ అందడం ఆగిపోదు. ట్రాక్ మీద మెత్తటి రబ్బరున్న టైర్లతో, వరుసగా కొన్ని సెకన్లపాటు అదే బలం కొనసాగడం వేరే సంగతి. ఎంత బలం అన్నదానితో పాటు ఎంతసేపు అన్నదీ లెక్కలోకి తీసుకోవాలి.

సంధానకర్త: ఇక డ్రై సంప్ ఈ చిక్కును ఎలా విడదీస్తుందో చెప్పండి.

అతిథి: ఆయిల్‌ను ఇంజన్ అడుగున నిలవనివ్వదు, అదే దాని కిటుకు. అడుగున లోతు తక్కువ పళ్లెం మాత్రమే ఉంటుంది. అందులోకి జారిన ఆయిల్‌ను జారినట్లే స్కావెంజ్ పంపులు లాగి, దూరంగా ఉన్న పొడవాటి, సన్నటి ట్యాంకులోకి పంపుతాయి. ఆ ట్యాంకు అడుగు నుంచి పీడన పంపు ఆయిల్ తీసుకుంటుంది. ట్యాంకు ఎత్తుగా, ఇరుకుగా ఉండటం వల్ల మలుపులో పైమట్టం ఎంత వాలినా అడుగున ఉన్న మూతి ఆయిల్‌లో మునిగే ఉంటుంది. ఇంకొక ముఖ్యమైన పని కూడా ఆ ట్యాంకులోనే జరుగుతుంది. స్కావెంజ్ పంపులు ఆయిల్‌తో పాటు గాలినీ లాగుతాయి కాబట్టి వచ్చేది నురగ. ఆ నురగను ట్యాంకు గోడ వెంట సుడి తిప్పుతూ దింపితే గాలి విడిపోయి పైకి పోతుంది. నా దృష్టిలో డ్రై సంప్‌లో సగం విజ్ఞానం ఆ ట్యాంకులోనే ఉంది. కానీ అందరూ పంపుల గురించే మాట్లాడతారు.

సంధానకర్త: శక్తి పెరుగుతుందని కూడా అంటారు.

అతిథి: కొంత పెరుగుతుంది. తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలకాల్సిన పని తప్పుతుంది. స్కావెంజ్ పంపుల వల్ల క్రాంక్‌కేసులో, అంటే క్రాంక్ షాఫ్ట్ ఉండే పెట్టెలో, గాలి పీడనం తగ్గి పిస్టన్ రింగులు బాగా పట్టి ఉంటాయి. అయితే ఆ పంపులను తిప్పడానికీ శక్తి ఖర్చవుతుంది కదా. దానికంటే నాకు విలువైనదిగా కనిపించేది ఇంజన్‌ను కిందికి దించే వీలు. లోతైన ఛాంబర్ లేకపోతే ఇంజన్ కిందికి దిగుతుంది, కారు గురుత్వ కేంద్రం కూడా తగ్గుతుంది. 1954లో వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌లో బానెట్ ఎత్తు తగ్గించడానికి ఇంజన్‌ను పక్కకు వాల్చి, డ్రై సంప్ అమర్చారు. పోర్షే 911 గాలితో చల్లబడే ఇంజన్లున్నంత కాలం వేరే ట్యాంకుతోనే నడిచింది. 1997లో వచ్చిన 911 కారు 996 తరంలోని మామూలు మోడల్ కరేరాలో ఆయిల్ నిల్వను ఇంజన్‌లోనే చేర్చి దాన్ని ‘ఇంటిగ్రేటెడ్ డ్రై సంప్’ అన్నారు. అదే తరంలోని జీటీ3కి మాత్రం వేరే ట్యాంకునే ఉంచారు. అందుకని పేరు చూసి తృప్తి పడవద్దు, ఆయిల్ ఎక్కడ నిలుస్తోందో, ఎన్ని స్కావెంజ్ పంపులున్నాయో అడగండి. షెవర్లే 2006 నాటి కార్వెట్ జెడ్06లోని 7 లీటర్ల ఇంజన్‌కు డ్రై సంప్ ఇచ్చింది, 2020 నుంచి కార్వెట్ అన్నింటికీ అదే అమర్చింది.

సంధానకర్త: మన దగ్గర చూసి నేర్చుకోదగ్గ బండి ఏదైనా ఉందా, సార్?

అతిథి: పాత ఇనుప ఇంజన్ బుల్లెట్ ఉందిగా! దానిలో ఆయిల్ నిల్వకు క్రాంక్‌కేసు పోతలోనే వేరే గది ఉంటుంది. ఆయిల్‌ను పంపేందుకు ఒక పంపు, తిరిగి తెచ్చేందుకు ఇంకొక పంపు పనిచేస్తాయి. నెలల తరబడి కదలకుండా ఉంచితే ఆయిల్ ఆ గదిలోంచి క్రాంక్ ఉన్న చోటికి మెల్లగా దిగిపోతుంది, స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ కమ్ముకుంటుంది. ఆయిల్ తగ్గిందనుకుని అప్పుడే పైన పోయడం పొరపాటు. పాత 911లో కూడా ఇంజన్ బాగా వేడెక్కి, నెమ్మదిగా తిరుగుతుండగానే ట్యాంకులో మట్టం చూడాలి.

సంధానకర్త: మన కాలేజీల విద్యార్థులు ఫార్ములా స్టూడెంట్ పోటీల కోసం బైకు ఇంజన్‌తో కారు తయారు చేస్తుంటారు. వాళ్లకు ఏం చెబుతారు?

అతిథి: ఆ పోటీల్లో ఇంజన్ 710 సీసీ దాటకూడదు కాబట్టి చాలామంది బైకు ఇంజన్ తీసుకుంటారు. ఇక్కడొక సూక్ష్మం ఉంది. బైకు మలుపులో వంగుతుంది. దాని బరువు, పక్కకు నెట్టే బలం కలిసి ఆయిల్‌ను ఛాంబర్ అడుగు వైపే అదిమి ఉంచుతాయి. అందుకే బైకుకు వెట్ సంప్ చక్కగా సరిపోతుంది. అదే ఇంజన్‌ను వంగని కారులో బిగిస్తే ఆయిల్ పక్కకు పారిపోతుంది. పైగా ఇంజన్‌ను కిందికి దించాలని ఛాంబర్‌ను కోసి లోతు తగ్గిస్తారు. కష్టం రెట్టింపవుతుంది.

సంధానకర్త: అయితే వాళ్లు వెంటనే డ్రై సంప్‌కు మారాలా?

అతిథి: ముందు కొలవాలమ్మా. ఆయిల్ పీడనాన్ని, పక్కకు నెట్టే బలాన్ని ఒకే గ్రాఫులో నమోదు చేయాలి. ప్రతి ల్యాప్‌లో అదే మలుపు దగ్గర పీడనం కుంగి మళ్లీ లేస్తే గొట్టానికి ఆయిల్ అందడం లేదన్నమాట. అప్పుడు ఛాంబర్‌లో అడ్డుగోడలు, ఒకవైపే తెరుచుకునే తలుపులు పెట్టి చూడాలి. అవి చాలకపోతే డ్రై సంప్‌కు మారవచ్చు, కానీ గాలిని కూడా లాగాలి కాబట్టి స్కావెంజ్ పంపుల సామర్థ్యం పీడన పంపు కంటే ఎక్కువగా ఉండాలి. మలుపులతో సంబంధం లేకుండా, వేడి పెరుగుతున్న కొద్దీ పీడనం నెమ్మదిగా పడిపోతుంటే ఆయిల్ పలుచబడుతోందని అర్థం. అలాంటి కారుకు ముందుగా ఆయిల్ కూలర్ పెట్టాలి.