ఆఖరి జీతానికీ మొదటి పెన్షన్‌కీ మధ్య

అందరికీ నమస్కారం. ఈరోజు రిటైర్మెంట్ వయసు, అంటే పెన్షన్ మొదలయ్యే వయసు గురించి మాట్లాడుకుందాం.

2023లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఆ వయసును 62 నుంచి 64కి పెంచుతామనగానే లక్షల మంది రోడ్ల మీదికొచ్చారు. చివరికి పార్లమెంటు దిగువ సభలో ఓటింగ్ లేకుండానే, రాజ్యాంగంలోని 49.3 అధికరణాన్ని వాడి బిల్లును గట్టెక్కించారు. చైనా 2024లో మగవాళ్లకు 60 నుంచి 63కి పెంచాలని నిర్ణయించింది, అది 15 ఏళ్లలో మెల్లమెల్లగా అమలవుతుంది. జర్మనీ 2031 నాటికి 67కి చేరుతుంది. డెన్మార్క్ అయితే 2040 నుంచి 70 అని 2025లో చట్టమే చేసేసింది.

ఎందుకిలా? పుట్టేవాళ్లు తగ్గారు, బతికే ఏళ్లు పెరిగాయి. ఈ దేశాల్లో ప్రభుత్వ పెన్షన్ చాలావరకు ఎవరి పేరు మీద వాళ్లకు దాచిపెట్టిన డబ్బు కాదు. ఈ నెల పనిచేస్తున్నవాళ్ల జీతాల్లోంచి కోసిన సొమ్మో, కట్టిన పన్నులో ఈ నెల పెద్దవాళ్లకు పెన్షన్‌గా వెళ్తాయి. జపాన్ జనాభాలో దాదాపు 29 శాతం 65 దాటినవాళ్లే. కట్టేవాళ్లు తగ్గి, అందుకునేవాళ్లు పెరిగితే లెక్క తేలదు. ఆ లెక్కతో నాకు పేచీ లేదు.

నా బాధంతా వేరే చోట ఉంది. పెన్షన్ వయసును ప్రభుత్వం ఒక్క చట్టంతో పెంచేయగలదు. మరి ఆ వయసు వచ్చేదాకా మనిషిని పనిలో ఉంచుకునేదెవరు?

దక్షిణ కొరియాను చూడండి. అక్కడ ఉద్యోగికి కనీసం 60 ఏళ్లు వచ్చేదాకా కంపెనీ రిటైర్ చేయకూడదు. పెన్షన్ మాత్రం 63కి మొదలవుతుంది, 2033 నాటికి అది 65 అవుతుంది. అంటే అంతా చట్టప్రకారం సవ్యంగా జరిగినా ఇప్పుడు మూడేళ్లు, ముందు ముందు ఐదేళ్లు జీతమూ ఉండదు, పెన్షనూ ఉండదు. నిజానికి చాలామంది ఆ 60 దాకా కూడా ఉండరు. యాభైల్లో పడగానే మీ అంతట మీరే వెళ్లిపోండని ఒత్తిడి మొదలవుతుంది. ఆఫీసులో పెద్ద హోదాలో పనిచేసిన మనిషి ఆ తర్వాత అపార్ట్‌మెంట్ దగ్గర కాపలా ఉద్యోగం వెతుక్కుంటాడు. 65 దాటినవాళ్లలో దాదాపు 40 శాతం పేదరికంలో ఉన్నారు. ఎక్కువగా సంపన్న దేశాలుండే ఓఈసీడీ కూటమి మొత్తంలోకీ ఇదే ఎక్కువ. ఈ వయసులోనూ ఎంత హుషారుగా పనిచేస్తున్నారో అని వాళ్లను మెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది. గడవక చేస్తున్నారండీ.

జపాన్‌లో కథ ఇంకోలా ఉంది. 60కి రిటైర్ చేసినా, కావాలన్నవాళ్లకు 65 దాకా పని చూపించాలని చట్టం. చాలా కంపెనీల్లో జరిగేదేంటంటే, ఇవాళ వీడ్కోలు చెప్తారు, మర్నాడు అదే మనిషి అదే ఆఫీసుకు ఏడాది కాంట్రాక్టు మీద, బాగా తగ్గిన జీతానికి వస్తాడు. నిన్నటిదాకా తన కింద పనిచేసిన కుర్రాడే ఇప్పుడు తనకు బాస్. ఇక చైనాలో ప్రభుత్వం 63 అంటుంటే, చాలా ఉద్యోగ ప్రకటనలేమో 35 లోపువాళ్లే రావాలంటాయి.

అందుకే నేననేది, పెన్షన్ వయసు ఎంత పెంచితే, ఉద్యోగంలోంచి తీసేయకూడని వయసును కూడా అదే చట్టంలో అంత పెంచాలి. ఒకటి పెంచి రెండోది వదిలేస్తే ఆ ఖాళీ ఏళ్ల భారమంతా ఉద్యోగి నెత్తినే పడుతుంది.

పెద్దవాళ్లు కదలకపోతే కుర్రాళ్లకు ఉద్యోగాలెలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫ్రాన్స్ 1982లో పెన్షన్ వయసును 65 నుంచి 60కి తగ్గించింది. దాంతో అక్కడి నిరుద్యోగం మాత్రం తీరలేదు.

ఇంకో విషయం. పదహారేళ్లకే పనిలో చేరి ఇళ్ల కప్పులు వేసినవాడికీ, పాతికేళ్లకు ఆఫీసులో చేరినవాడికీ ఒకటే వయసు పెడితే ఎలా? డెన్మార్క్‌లో దీనికి ఒక దారి చూశారు. 61 ఏళ్లు వచ్చేసరికి 42 ఏళ్ల పని పూర్తయితే ఏడాది ముందుగా, 43 అయితే రెండేళ్లు, 44 అయితే మూడేళ్లు ముందుగా వెళ్లొచ్చు. 2022 నుంచి ఇది అమల్లోకొచ్చింది. ఒక బీరు ఫ్యాక్టరీ కార్మికుడి పేరు మీద జనం దీన్ని ఆర్నె పెన్షన్ అంటారు.

పని చోటును మార్చడం గురించి కూడా చెప్పాలి. ఇది నాకు బాగా నచ్చిన ఉదాహరణ. 2007లో జర్మనీలోని డింగోల్ఫింగ్‌లో బీఎండబ్ల్యూ ఒక ప్రయోగం చేసింది. పదేళ్ల తర్వాత తమ కార్మికుల సగటు వయసు 47 అవుతుందని అంచనా వేసి, ఆ సగటు వచ్చేలా మనుషుల్ని ఏరి ఒక అసెంబ్లీ లైన్‌లో పెట్టింది. మొదట్లో ఎవరూ ఇష్టపడలేదు, దాన్ని పెన్షనర్ల లైన్ అన్నారు. ఏం మార్చాలో ఆ కార్మికులనే అడిగారు. మోకాళ్ల మీద భారం తగ్గేలా చెక్క నేల వేశారు. కొన్నిచోట్ల నిలబడే పనికి కుర్చీలొచ్చాయి. సన్నటి భాగాలు కనిపించడానికి భూతద్దాలు, స్క్రీన్ మీద పెద్ద అక్షరాలు, ఎత్తు మార్చుకునే బల్లలు. ఇలాంటివి దాదాపు 70 చిన్న మార్పులు. మొత్తం ఖర్చు సుమారు 40 వేల యూరోలు. ఒక పెద్ద కార్ల కంపెనీకి అదెంత? ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగి, కుర్రాళ్ల లైన్లతో సమానమైంది.

మీరు చేసే పని ఏంటి, 67 దాకా చేయాలంటే ముందుగా అందులో ఏం మారాలి? కామెంట్లలో రాయండి, నేను ప్రతి ఒక్కటీ చదువుతాను.