పన్ను పుట్టకముందే జరిగే మాటామంతీ

అందరికీ నమస్కారం. చిట్టెలుక పిండంలో పన్ను ఎలా మొదలవుతుందో ఇవాళ చెప్పుకుందాం. ఎలుక పళ్లతో మనకేం పని అని కొందరికైనా అనిపించి ఉంటుంది, జవాబు మధ్యలో దానంతటదే వస్తుంది.

చిట్టెలుక గర్భకాలం సుమారు 19, 20 రోజులు. మొత్తం పళ్లు 16. దవడకి ఒక్కో పక్క ముందు ఒక కొరుకుడు పన్ను, వెనక మూడు దవడ పళ్లు, మధ్యలో ఖాళీ. 11వ రోజు దాటాక దవడ పైపొర కొన్నిచోట్ల మందమవుతుంది, 13వ రోజుకి అది కిందికి దిగి మొగ్గలా, ఆ తర్వాత టోపీలా, గంటలా మారుతుంది. పుస్తకాల్లో ఈ బొమ్మలే ఉంటాయి కానీ, ఆకారం మారకముందే లోపల ఏ జీన్ పనిచెయ్యాలో ఏది ఆగాలో తేలిపోయి ఉంటుంది.

దాన్ని కంటితో చూడొచ్చు. జీన్ పనిచేస్తున్నప్పుడు తయారయ్యే దాని నకలు, అంటే ఆర్‌ఎన్‌ఏకి అతుక్కునే చిన్న ముక్కని పిండంలోకి పంపి, అతుక్కున్న చోట రంగు తేలేలా చేస్తారు. ఇన్ సిటు హైబ్రిడైజేషన్ అంటారు. 12వ రోజు పిండం కింది దవడ తీసి సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జీన్ కోసం చూస్తే, ముందు రెండు, వెనక రెండు ఊదా మచ్చలు కనిపిస్తాయి. మొగ్గ కూడా సరిగ్గా వెయ్యని రోజున పళ్లు ఎక్కడ రావాలో ఆ మచ్చలు చెప్పేస్తున్నాయి!

అయితే మొదలుపెట్టేది ఎవరు, పైపొరా, కింద ఉన్న కణజాలమా? 1987లో మినా, కొల్లార్ అనే శాస్త్రవేత్తలు ఆ రెంటినీ విడదీసి మార్చి కలిపి చూశారు. 12వ రోజుకి ముందు దవడ పైపొరకే ఆ శక్తి ఉంది, పళ్లు రాని చోటి కణజాలం మీద పెట్టినా పన్ను వచ్చింది. 12వ రోజు నుంచి ఆ శక్తి కింది కణజాలానికి మారిపోతుంది. పైపొర పంపే బీఎంపీ4, ఎఫ్‌జీఎఫ్8 అనే ప్రోటీన్లు కింద ఎంఎస్ఎక్స్1, ప్యాక్స్9 జీన్లను లేపుతాయి, అప్పుడు కింది కణజాలం తనే బీఎంపీ4 తయారుచేసి పైకి తిరిగి పంపుతుంది. ఎంఎస్ఎక్స్1 తీసేసిన ఎలుకల్లో (1994) పన్ను మొగ్గ దగ్గరే ఆగిపోయింది, ప్యాక్స్9 తీసేసినా (1998) అంతే. ఇవే జీన్లు దెబ్బతిన్న కుటుంబాల్లో మనుషులకీ కొన్ని పళ్లు అసలు రావు. పాల పళ్లు ఊడి ఏళ్లయినా కొత్తవి రాని పిల్లల్ని తల్లిదండ్రులు డాక్టర్ దగ్గరికి టెన్షన్‌తో తీసుకొస్తే, వాళ్లలో కొందరి విషయంలో కారణం వెతకాల్సింది ఇక్కడే.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది లండన్‌లో 1998లో జరిగిన ప్రయోగం. దవడ ముందు భాగంలో బీఎంపీ4 ఉండటం వల్ల అక్కడ బార్క్స్1 జీన్ లేవదు, వెనక భాగంలో లేస్తుంది. బీఎంపీని అడ్డుకునే నాగిన్ అనే ప్రోటీన్ పట్టించిన బుల్లి పూసని తొలి దశలోనే దవడ ముందు భాగంలో పెట్టారు. బార్క్స్1 అక్కడా లేచింది, కొరుకుడు పన్ను రావాల్సిన చోట దవడ పన్ను వచ్చింది. డీఎన్ఏలో ఒక్క అక్షరం కూడా మార్చలేదు, బీఎంపీ4 మోసుకొచ్చే ఒక మాట చేరకుండా ఆపారంతే.

టోపీ దశలో ఎనామిల్ నాట్ అనే చిన్న కణాల ముద్ద ఏర్పడుతుంది. హెల్సింకీలో థెస్లెఫ్, జెర్న్‌వాల్ అనే శాస్త్రవేత్తల బృందం దీని మీద చాలా పనిచేసింది. ఈ కణాలు ఎఫ్‌జీఎఫ్4 పంపి చుట్టుపక్కల కణాలను పెరగమంటాయి, తాము మాత్రం విభజన చెందవు, పని అయ్యాక చనిపోతాయి. తర్వాత దవడ పన్ను మీద ఎక్కడెక్కడ ఇలాంటి ముద్దలు వస్తే అక్కడక్కడ మొనలు లేస్తాయి.

ఈడీఏ అనే సంకేతం లేని ట్యాబీ ఎలుకల్లో ఆ ముద్ద చిన్నదిగా వస్తుంది, మొనలు తగ్గుతాయి. మనుషుల్లో అదే లోపముంటే పళ్లు తక్కువ, వెంట్రుకలు పలచన, చెమట పట్టదు. మన ఎండల్లో చెమట పట్టని పిల్లాడి పరిస్థితి ఊహించండి. 2003లో కడుపుతో ఉన్న ట్యాబీ ఎలుకలకు ఈడీఏ ప్రోటీన్ ఇస్తే పిల్లల్లో లోపం చాలావరకు సరైపోయింది, తర్వాత మళ్లీ ఇవ్వాల్సిన పనే లేదు. 2018లో జర్మనీ డాక్టర్లు ఈ పద్ధతినే కవల మగపిల్లలకు, వాళ్లింకా తల్లి కడుపులో ఉండగానే, ఉమ్మనీటిలోకి ఆ ప్రోటీన్ ఎక్కించి వాడినట్టు ప్రకటించారు. పుట్టాక ఆ పిల్లలిద్దరికీ చెమట పట్టింది.