ఇన్‌స్టాల్ అవ్వాలి, స్టార్ట్ కాకూడదు

ఉబుంటులో డీఎన్ఎస్‌మాస్క్ ఇన్‌స్టాల్ చేస్తున్నాను, స్క్రీన్ చూడండి. వెబ్‌సైట్ పేర్లకి ఐపీ అడ్రస్‌లు చెప్పే చిన్న డీఎన్ఎస్ సర్వర్ ఇది. ప్యాకేజీ దిగింది. వెంటనే సర్వీస్ ఫెయిల్ అయిందని మెసేజ్. డీఎన్ఎస్ వాడే పోర్ట్ 53 మీద ఉబుంటు సొంత డీఎన్ఎస్ సర్వీస్ సిస్టమ్‌డీ-రిజాల్వ్డ్ ముందే కూర్చుని ఉంది, అందుకే. సరే, నేనింకా కాన్ఫిగ్ ఫైల్ తెరవనే లేదు కదా, దీన్ని ఎవరు స్టార్ట్ చేయమన్నారు?

డెబియన్, ఉబుంటుల్లో చాలా ప్యాకేజీల వెంట ఒక పోస్ట్-ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ వస్తుంది. ప్యాకేజీ దిగగానే సర్వీస్‌ని స్టార్ట్ చేసేది అదే. ఫెడోరాలో ఈ గొడవ తక్కువ. ఏ సర్వీసులు ఎనేబుల్ కావాలో, అంటే బూట్‌లో వాటంతట అవే లేవాలో, ప్రీసెట్ ఫైళ్లు చెబుతాయి. వాటిలో అనుమతి ఉన్న సర్వీసులు తప్ప మిగతావి ఎనేబుల్ కూడా కావు. నాకైతే ఆ పద్ధతే నచ్చుతుంది.

ఒక్క ప్యాకేజీయే అయితే దారి సులువు. ఇన్‌స్టాల్‌కి ముందే "సుడో సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ డీఎన్ఎస్‌మాస్క్" అని కొట్టండి. పేరులోని మాస్క్ వేరు, ఈ మాస్క్ వేరు, కంగారు పడకండి. అలాంటి యూనిట్ లేదని అంటుంది, అయినా పని కానిస్తుంది. ఆ పేరుతో డెవ్-నల్ అనే ఖాళీ ఫైల్‌కి ఒక లింక్ పెడుతుంది, ఇక ఆ సర్వీస్ స్టార్ట్ అవ్వదు, అంతే. కాన్ఫిగ్ రాసుకున్నాక అన్‌మాస్క్ చేసి, మీరే స్టార్ట్ చేయండి.

పది ప్యాకేజీలు ఒకేసారి వేస్తుంటే? యూఎస్ఆర్, దానిలో ఎస్‌బిన్, అక్కడ పాలసీ-ఆర్‌సీ-డాట్-డీ అనే ఫైల్ పెట్టాలి. లోపల రెండే లైన్లు: పైన ఏ షెల్‌తో నడపాలో చెప్పే లైన్, కింద ఎగ్జిట్ 101. ఈ 101కి అర్థం "పాలసీ ఒప్పుకోదు" అని. చెమోడ్‌తో ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వడం మరిచిపోతే మాత్రం ఈ ఫైల్‌ని ఎవరూ పట్టించుకోరు. నేను ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నది ఇక్కడే.

ఇప్పుడు ఇన్‌స్టాల్ చేద్దాం. "పాలసీ-ఆర్‌సీ-డాట్-డీ డినైడ్ ఎగ్జిక్యూషన్ ఆఫ్ స్టార్ట్" అని వచ్చింది. హమ్మయ్య అనుకోకండి, ఇంకా ఉంది. "సిస్టమ్‌సీటీఎల్ ఈజ్-ఎనేబుల్డ్" అని అడుగుతున్నాను. ఎనేబుల్డ్ అంటోంది! మనం ఆపింది స్టార్ట్‌ని మాత్రమే. మెషీన్ రీబూట్ అయితే సర్వీస్ దానంతట అదే లేస్తుంది. అది కూడా వద్దంటే డిసేబుల్ కూడా కొట్టాలి.

పని అయ్యాక ఆ ఫైల్‌ని తీసేయండి. అక్కడే ఉంచేస్తే రేపు సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చినప్పుడు రీస్టార్ట్ కూడా ఆగిపోతుంది. డిస్క్ మీద కొత్త వెర్షన్ ఉంటుంది, మెమరీలో పాతదే నడుస్తుంటుంది. తీసేస్తున్నాను, ఇదిగో: సుడో ఆర్‌ఎం, ఫైల్ పేరు, ఎంటర్.