చరణం చూసి పాట ఎంచుకోండి
(కరోకే సాధన చేసే మగవాళ్ల కోసం నల్లగొండలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ, దేవరకొండ, అటు కల్వకుర్తి నుంచి కూడా బస్సెక్కి వచ్చిన అన్నలకు, తమ్ముళ్లకు దండాలు.

"ఏ పాటతోని మొదలుపెట్టాలె?" అని అందరూ అడుగుతరు. అడిగేటప్పటికే మనసులో ఒక పాట ఉండనే ఉంటది. పెద్దవాళ్లలో చాలామందికి అది 1961 నాటి 'జగదేకవీరుని కథ'లో ఘంటసాల పాడిన 'శివశంకరీ'. ఆ పాట మీద ప్రేమ ఉండవలసిందే. కానీ దర్బారీ కానడ రాగపు గమకాలు (స్వరాల ఊపులు), స్వరాలు, వేగం, పై స్థాయి అన్నీ ఆ ఒక్క పాటలోనే కుప్పపోసి ఉన్నయి. పాట దెబ్బతిన్నప్పుడు ఏది తప్పిందో పాడినాయనకే తెలువదు. వేదిక పాట వేరు, సాధన పాట వేరు. వేదిక పాటలో మీకు కష్టమనేది ఉండొద్దు. సాధన పాటలో ఒక్కటే కష్టం ఉండాలె.

ముందు గొంతు కొలుచుకోండి. పావుగంట పని. ఫోన్‌లో తంబూరా యాప్ తెరిచి ఒకటో శ్రుతి, అంటే సి, పెట్టండి. మగవాళ్లలో ఎక్కువమందికి ఒకటికీ రెండుకూ మధ్యలో శ్రుతి కుదురుతది. 'ఆ' అనుకుంటూ ఒక్కో మెట్టు దిగండి. గాలి తప్ప స్వరం రాని చోట ఆగి ఒక మెట్టు వెనక్కి ఎక్కండి, అది మీ అడుగు. ఆ తర్వాత పైకి పోండి. మెడనరం తేలినా, గడ్డం ముందుకు పొడుచుకొచ్చినా అక్కడికి చాలు. అరిచి అందుకున్న స్వరం లెక్కకు రాదు. సాధన లేని మగగొంతు పై షడ్జం ('స') దాటినంక గాంధారం ('గ'), మధ్యమం ('మ') దగ్గర తడబడతది. ఛాతీ గొంతుకూ తల గొంతుకూ మధ్య అతుకు అక్కడ ఉంటది, బలవంతం చేస్తే అక్కడే పగులుతది. పొద్దున లేవంగనే మాత్రం కొలవకండి. నిద్ర గొంతు కిందికి బాగా దిగి మనల్ని మోసం చేస్తది.

ఇగ పాట సంగతి. మనం పల్లవి విని పాట ఎంచుకుంటం. సినిమా పాటల్లో పల్లవి చాలాసార్లు మధ్య స్థాయిలోనే నడుస్తది. చరణం సగం దాటినంక పైకి లేస్తది. పెండ్లి దావత్‌లో పల్లవికి చప్పట్లు కొట్టించుకున్నాయన చరణంలో మైకు పక్కాయనకు ఇచ్చేది అందుకే. అసలు పాట పెట్టి, చరణంలో అన్నిటికంటె ఎత్తున్న మాట ఏదో పట్టుకోండి. ఆ మాట దగ్గర ఆపి, కీబోర్డు మీదనో ట్యూనర్ యాప్‌లోనో దాని స్వరం చూడండి. అట్లనే అన్నిటికంటె కింది స్వరం కూడా చూడండి.

ఒక లెక్క వేద్దాం. మీ గొంతు కింద ఎ దాకా, పైన మిడిల్ సి (కీబోర్డు నడుమ ఉండే సి) మీది ఇ దాకా సాఫీగా పోతదనుకోండి. సాధన పాట మీ పై హద్దుకు ఒక మెట్టు కిందనే, డి దగ్గర ఆగాలె. మీరు మెచ్చిన పాటేమో ఎఫ్ షార్ప్ తాకుతది. ట్రాకును, అంటే గొంతు లేని వాయిద్యాల రికార్డును, నాలుగు సెమీటోన్లు (తెల్లవీ నల్లవీ కలిపి కీబోర్డు మీద నాలుగు మీటలు) దించితే డి అయింది, బాగుంది. కానీ అదే పాట కింద బి దాకా దిగుతదనుకోండి, ఆ బి ఇప్పుడు జి అయి కూసుంది. మీ అడుగు ఎ. ఆ కింది మాటలు ఎవరికీ వినబడవు. స్కేలు దించితే పాట ఎత్తు మారుతది గాని పొడుగు, అంటే కింది స్వరానికీ పై స్వరానికీ మధ్య దూరం, మారదు. ఆ పాట ఇప్పటికి పక్కన పెట్టాలె.

స్కేలు దించుడు నామోషీ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నరు. 1971లో జపాన్‌లోని కోబేలో, బార్లలో పాటకు వాయించే ఇనోవే దైసుకే కరోకే పెట్టెను తయారుచేసిండు. ఒక ఖాతాదారు గొంతుకు తగ్గట్టు వాయించి టేపు చేసిచ్చిన కాడ మొదలైంది ఆ ఆలోచన. పాడేవాని గొంతుకు ట్రాకును వంచుడు మొదటినుంచీ ఉన్నదే. కాకపోతే రెండు మూడు సెమీటోన్లు దాటితే చవక యాప్‌లలో తబలా వదులైపోతది, ఫ్లూటుకు జలుబు చేస్తది. ఆడవాళ్ల పాట అయితే వాళ్ల శ్రుతి ఐదు, ఆరు దగ్గర ఉంటది కాబట్టి ఆ ట్రాకు మీద పాడకుండ, మగ స్కేలులో చేసిన ట్రాకు వెతుక్కోండి.

మొదటి నెలకు మన జానపదం చాలు. ఎక్కువ పాటలు ఐదారు స్వరాల్లో తిరుగుతయి, వరుస మళ్లీ మళ్లీ వస్తది. సుద్దాల హనుమంతు రాసిన 'పల్లెటూరి పిల్లగాడా' మన ప్రాంతపు పాటే, నెమ్మదిగా సాగుతది. ట్రాకు దొరకకుంటే తంబూరా శ్రుతి మీద పాడండి, ఇంకా మంచిది. శ్రుతి తప్పితే దాచే వాయిద్యం ఉండదు కదా. పాలమూరు గడ్డ మీది గోరటి వెంకన్న రాసిన 'పల్లె కన్నీరు పెడుతుందో' మాత్రం మొదటి నెల వద్దు. 2002లో 'కుబుసం' కోసం వందేమాతరం శ్రీనివాస్ దాన్ని నిండు గొంతుతోని పాడిండు. అది విని మనవాళ్లు అరుపును బలమనుకుంటరు.

రెండో నెల శ్వాసకు. దాశరథి రాయగా 1973లో 'కన్నెవయసు' కోసం బాలసుబ్రహ్మణ్యం పాడిన 'ఏ దివిలో విరిసిన పారిజాతమో' తీసుకోండి. ఆ మొదటి పాదం ఒక్కటే వారం రోజులు పట్టినా నష్టం లేదు. 'విరిసిన' కాడ గాలి పీల్చితే పువ్వు ఒక దిక్కు, విరియడం ఒక దిక్కు అయితది. పాదమంతా ఒక్క ఊపిరి మీదనే పోవాలె. 'ఏ' అచ్చు కాబట్టి గొంతు గుద్ది మొదలుపెట్టే ప్రమాదముంది. ముందర వినీ వినబడని 'హ' ఉన్నట్టు గాలి వదిలి అందుకోండి. చివరి 'మో' దగ్గర పెదవులు గుండ్రంగానే నిలవాలె. ఊపిరి అయిపోతే పెదవులు జారి అది 'మా' అయితది, శ్రుతి కూడా దాని వెంబడే జారుతది. పాట కాగితం మీద రాసుకొని, గాలి పీల్చే చోట పెన్సిల్‌తోని నిలువు గీత పెట్టండి. పెన్నుతోని వద్దు, ఆ గీతలు నెలలో మూడుసార్లు మారుతయి.

మెల్లగ పాడుడు రాని గొంతుకు 1964 నాటి 'మూగమనసులు' లోని 'పాడుతా తీయగా' మంచి మందు. సౌండు తగ్గించంగనే శ్రుతి కిందికి పోతున్నదంటే, ఊపిరి ఊత వదిలేసినట్టు.

పై స్వరం మీద ఏ అచ్చు పడుతున్నదో కూడా చూడండి. 'ఆ', 'ఓ' పడితే నోరు తెరుచుకుంటది. 'ఈ', 'ఊ' పడితే గొంతు బిగుస్తది. అప్పుడు దవడ కొద్దిగా వదిలి, 'ఈ'ని 'ఏ' వైపు ఒక వెంట్రుకంత జరపండి. సున్నాతోని ముగిసే మాట లాగాలంటే అచ్చును లాగి, చిట్టచివరన పెదవులు మూయండి. ముందే మూస్తే పాటంతా ముక్కులోకి పోతది.

సాధనకు ఒకేసారి మూడు పాటలు చాలు, రోజూ 25 నిమిషాలు. కష్టమున్న పాదాన్ని ట్రాకు వేగం 85 శాతానికి తగ్గించి పదిసార్లు పాడి, తర్వాత అసలు వేగానికి రండి. జడ్చర్ల దాకా బండి మీద పాడుకుంటూ పోతే అది సాధన కాదు. గాలిహోరులో మనకు తెలువకుండనే అరుస్తం. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పక్కన పెట్టి వైరుది వాడండి, బ్లూటూత్‌లో సౌండు ఆలస్యంగా చేరి తాళం వెనకపడ్డట్టు అయితది. ఎకో సున్నాకు తగ్గించండి. ఎకో మీద అందరం గాయకులమే. మైకు నోటికి మూడు వేళ్ల దూరంలో, కొద్దిగా పక్కకు ఉండాలె. అప్పుడు 'ప', 'భ' అన్నప్పుడు గాలి దెబ్బ తగలదు. జాలీని గుప్పిట్లో పట్టుకుంటే కూత పెడతది.

రికార్డు చేసింది ఆ పూటనే వినకండి, మర్నాడు వినండి. పాడిన వేడిలో చెవి మనకే సాక్ష్యం చెబుతది.

ఇగ మైకు మీదే. పాట పేరుతో పాటు, చరణంలో అన్నిటికంటె ఎత్తున్న మాట ఏదో చెప్పి, ముందు ఆ ఒక్క మాట పాడి వినిపించండి.