చెయ్యి జేబులోకి ఎందుకు వెళ్ళింది?

(గ్రంథాలయ వారోత్సవాల ముగింపు సభలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షుల వారికి, గ్రంథాలయాధికారి గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసలో చాపల మీద కూర్చున్న పిల్లలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ వాళ్ళ అమ్మానాన్నలకు నమస్కారం. ఇంకా పదిమంది పేర్లు చదవమని చీటీ ఇచ్చారు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాను. వాళ్ళందరికీ కలిపి ఒకటే నమస్కారం, ఏమీ అనుకోవద్దు.

ఆహ్వానపత్రంలో నా అంశం 'ఇంద్రజాలం – శాస్త్రీయ దృక్పథం' అని అచ్చువేశారు. మంచి అంశమే. చివర్లో టైముంటే దాని గురించి రెండు ముక్కలు చెబుతాను. ముందు మాత్రం ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ కర్ర గురించి మాట్లాడాలి. 13 అంగుళాల కర్ర. నల్లరంగు, రెండు చివర్లా తెలుపు. ఇందాక ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "మాస్టారూ, ఇంత చదువుకున్నవారు మీకు మంత్రదండం ఎందుకండీ, అవతల పారెయ్యండి" అన్నారు. ఆయన తప్పేం లేదు. నలభై ఏళ్ళుగా వింటున్న మాటే. అందుకే ఇవాళ దీని సంగతే తేల్చేద్దామనుకుంటున్నాను.

1960ల చివర్లో అనకాపల్లి బెల్లం మార్కెట్ దగ్గరికి ఒక గారడీ తాత వచ్చేవాడు. పేరు నేనెప్పుడూ అడగలేదు. చిన్న డప్పు, గోనెసంచి, పైన బొడిపెలున్న మూడు చెక్క గిన్నెలు, గుడ్డతో చుట్టిన బంతులు, జానెడు వెదురుపుల్ల. అదే ఆయన ఆస్తి. స్టేజీ లేదు, తెర లేదు, చుట్టూ నాలుగు వైపులా జనం. గిన్నె కింద పెట్టిన బంతి పక్క గిన్నె కిందికి పోయేది, చివరికి గిన్నె ఎత్తితే ఉల్లిపాయ ఉండేది. విప్రవినోదులు, అంటే ఇంద్రజాలం చేసే బ్రాహ్మణులు, అగ్రహారాల్లో చేసే వినోదాల గురించి మా బామ్మ కథలు చెప్పేది కానీ, నేను కళ్ళారా చూసిన మొదటి ఇంద్రజాలికుడు మాత్రం ఈయనే. ఈ గిన్నెల ఆట ఎంత పాతదంటే, 2000 ఏళ్ళ క్రితం రోములో సెనెకా అనే తత్వవేత్త కూడా తన ఉత్తరాల్లో దీని ప్రస్తావన చేశాడు. తెలిసీ మోసపోవడంలో సరదా ఉందంటాడు ఆయన. బెల్లం మార్కెట్లో మాకూ ఆ సరదాయే.

నేనేదో పుస్తకం చూసి నాలుగు మెళకువలు నేర్చుకుని, గొప్పగా ఆ తాతకు చూపించాను. బంతిని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చినట్టు నటించాను. కుడిచెయ్యి జేబులో పెట్టాను. ఎడమచెయ్యి విప్పాను, ఖాళీ! తాత నవ్వలేదు, మెచ్చుకోలేదు. బీడీ పక్కన పెట్టి, "సెయ్యి జేబులోకి ఎందుకెల్లింది బాబూ?" అన్నాడు.

నేను నీళ్ళు నమిలాను.

"నీకే తెలీకపోతే సూసినోడికి తెలిసిపోద్ది" అన్నాడు. తన వెదురుపుల్ల నా చేతిలో పెట్టి, "ఇప్పుడెల్లు జేబులోకి" అన్నాడు.

అర్థమైందా పిల్లలూ? పుల్లను జేబులో పెట్టుకోవాలి కాబట్టి చెయ్యి జేబులోకి వెళ్ళింది. పుల్లను తీయాలి కాబట్టి మళ్ళీ వెళ్ళింది. పుల్ల పట్టుకున్నాను కాబట్టి నా వేళ్ళు మూసుకుని ఉన్నాయి. మూసిన పిడికిలి చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. అదే పిడికిట్లో కర్ర ఉంటే, కర్ర పట్టుకున్నాడనుకుంటారు. అంతే. మంత్రం లేదు, తంత్రం లేదు. కర్ర అంటే చేతికి ఒక సాకు.

రహస్యాలు బయటపెడుతున్నానని మా వాళ్ళు ఎవరైనా ఇక్కడుంటే కోపం తెచ్చుకోకండి. నేను చెప్పింది ఈ హాల్లోనే ఆ మూలనున్న బీరువాలో పుస్తకాల్లో ఉంది. చదవనివాళ్ళకు అది ఇప్పటికీ రహస్యమే.

సరే, నా మొదటి ప్రదర్శన సంగతి చెప్పాలి. చెప్పనా? చెబుతాను. మా ఇంట్లో ఇది ఎత్తితే మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోతుంది. మీకు ఆ వెసులుబాటు లేదు, తలుపు దగ్గర జనం నిలబడ్డారు.

1974. కాలేజీ వార్షికోత్సవం. నేను చేసుకున్న మొదటి కర్ర విరిగిన గొడుగు కామ. బ్లాక్‌బోర్డుకు వేసే నల్లరంగు తెచ్చి పూశాను. చివర్లకు డిస్పెన్సరీలో ఇచ్చే తెల్ల ప్లాస్టరు చుట్టాను. తెలుపెందుకంటే వెనక వరసలోవాళ్ళకు కర్ర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో కనబడాలి. మేనమామ దగ్గర నల్లకోటు అడిగి తెచ్చుకున్నాను. తాత చివర్లో ఉల్లిపాయలు తెప్పించేవాడు కదా, అనకాపల్లివాణ్ణి, నాకు బెల్లమైతే బాగుంటుందనిపించింది. మూడు బెల్లం ముక్కలు, ఒక్కోటి నిమ్మకాయంత, కోటు కుడిజేబులో వేసుకున్నాను. కాగితం చుడితే చప్పుడవుతుందని చుట్టలేదు.

నా వంతు ఎనిమిదింటికి అన్నారు. ముందు గౌరవ అతిథి గారు మాట్లాడారు. తర్వాత నివేదిక చదివారు. తర్వాత బహుమతులు. నేను తెర పక్కన పెద్ద లైటు కింద, నల్లకోటులో, చెమటలు కక్కుతూ రెండు గంటలు నిలబడ్డాను. నాతోపాటు బెల్లం కూడా.

మొదటి రెండు బంతులు బాగానే మాయమయ్యాయి. మూడోది కుడిచేతిలో దాచుకుని, తాత చెప్పినట్టే కర్ర జేబులో పెట్టే నెపంతో చెయ్యి లోపలికి పోనిచ్చాను. మెత్తగా తగిలింది. జిగురు జిగురుగా పాకం. బంతి అందులో కూరుకుపోయింది. కర్ర బయటికి తీస్తే చివర బెల్లం, బెల్లానికి చీమలు. వేళ్ళు విప్పితే కర్ర పడలేదు! అరచేతికి అతుక్కుని అలాగే ఉండిపోయింది. చెయ్యి దులిపాను. రాలేదు. హాలంతా చప్పట్లు! గురుత్వాకర్షణను జయించాడని వెనకనుంచి ఎవరో అరిచారు. చీమలు మోచేతి దాకా వచ్చేశాయి, నేను నవ్వుతూ నమస్కారం పెడుతున్నాను, ఆ నమస్కారంలో రెండో అరచెయ్యి కూడా అతుక్కుంది.

ఆ తర్వాత చదువు పూర్తయ్యేదాకా నేను 'బెల్లం గారడీ'నే. కోటు గురించి మేనమామ అన్న మాటలు పిల్లల ముందు చెప్పకూడదు.

మామూలుగా కర్ర అరచేతికి అంటుకునే ఆట చెయ్యాలంటే బెల్లం అక్కర్లేదు. ఎడమచేతి పిడికిట్లో కర్ర పట్టుకుని, వణక్కుండా ఉండటానికన్నట్టు కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పాలి. అరచేతి వైపు కర్రను పట్టి ఉంచేది ఏమిటో ఇంటికెళ్ళి పెన్సిలుతో మీరే కనిపెట్టండి. కుడిచేతి వేళ్ళు నాలుగే కనిపిస్తే ఎందుకని అడగండి.

మరి విన్యాసాల సంగతి. వేళ్ళ మధ్య కర్రను గిరగిరా తిప్పడం. ఇది నేను మా ఎన్‌సీసీ బ్యాండులో ముందు నడిచేవాడి చేతికర్ర చూసి నేర్చుకున్నాను. కర్రను చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ పెట్టి, మణికట్టు కొంచెం వంచితే అది తిరుగుతూ తర్వాతి రెండు వేళ్ళ సందులోకి వస్తుంది. అక్కణ్ణుంచి చిటికెనవేలి దగ్గరికి. మళ్ళీ వెనక్కి. చెప్పడానికి ఇంతే. చిటికెనవేలు మాట వినడానికి నాకు మూడు నెలలు పట్టింది. కర్ర ఒకవైపు బరువుంటే తిరిగేటప్పుడు తూలుతుంది. వేలి మీద అడ్డంగా నిలబెట్టి నడుమ ఎక్కడుందో చూసుకోవాలి. మరీ తేలికైతే తిరగనే తిరగదు. నేను వలలకు కట్టే సీసం గుళ్ళు పూడిమడక నుంచి తెప్పించి రెండు చివర్లా దూర్చాను. ప్రాక్టీసు ఎప్పుడూ మంచానికి ఎదురుగా నిలబడి చెయ్యాలి. పడితే పరుపు మీద పడుతుంది. లేకపోతే రాత్రి పదకొండింటికి కింద వాటావాళ్ళు తలుపు కొడతారు. కొట్టారు కూడా.

ఇప్పటి పిల్లలు ఫోన్లో చూసి నాకంటే బాగా తిప్పుతున్నారు. నిజంగానే చెబుతున్నాను, కుళ్ళుతో కాదు. పోయిన నెల ఒకబ్బాయి మా ఇంటికొచ్చి పావుగంట సేపు తిప్పాడు. ఎంత ముచ్చటగా ఉందో! చివర్లో "మరి మాయ ఏదిరా?" అన్నాను. "ఇదే కదా తాతగారూ" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. నా బాధ అదే. ఇంత వేగంగా వేళ్ళు ఆడించేవాణ్ణి చూశాక, తర్వాత బంతి మాయమైతే జనం ఏమంటారు? వేళ్ళలో దాచేశాడంటారు. మనమే వాళ్ళకు దారి చూపించాం. అందుకే తిప్పడం చేతికి రావాలి, కానీ పని ఉన్నప్పుడే తిప్పాలి. కెనడాలో పుట్టిన డై వెర్నన్ (1894–1992) అనే ఇంద్రజాలికుడి గిన్నెల ఆటలో కర్ర తిప్పడం ఉంది. కర్ర ఒక్క చుట్టు తిరిగేలోపు బంతి పోతుంది. చూసేవాడికి కర్ర తిరిగినట్టు గుర్తు కూడా ఉండదు. అదీ పని.

ఇందాకటి పెద్దాయన మాటకు వస్తాను. కొన్నేళ్ళ కిందట ఒక స్కూల్లో నన్ను పిలిచి, మంత్రదండం చూపిస్తే పిల్లల్లో మూఢనమ్మకాలు పెరుగుతాయి, అది లేకుండా చెయ్యమన్నారు. ఒప్పుకున్నాను, ఒప్పుకోకూడదు. నా చెయ్యి వెళ్ళినప్పుడల్లా ఊరికే వెళ్ళింది. మూడోసారి ముందు వరసలో రెండు జడల పాప లేచి, "జేబులో ఏముంది తాతయ్యా?" అంది. అందరూ గొల్లుమన్నారు. యాభై ఏళ్ళకు మళ్ళీ అదే ప్రశ్న! అయ్యా, కర్రను చూసి ఎవరూ దెయ్యాల్ని నమ్మరు. బి.వి. పట్టాభిరామ్ గారు ఊరూరా తిరిగి ఇంద్రజాలం చూపిస్తూనే ఇందులో మహిమ లేదని మన తెలుగువాళ్ళకు చెప్పారు. పి.సి. సర్కార్ తలపాగా పెట్టి మహారాజులా వేషం కట్టి ప్రపంచం తిరిగాడు, 1971లో జపాన్ పర్యటనలోనే పోయాడు. ఆ తలపాగా చూసి ఆయన్ను నిజం రాజనుకున్నవాడు ఎవడు?

హౌడినీ 1926లో చనిపోతే అంత్యక్రియల్లో తోటి ఇంద్రజాలికులు ఒక కర్ర విరిచారు. అప్పటినుంచి మా వాళ్ళలో అది ఆచారం. మనిషి పోతే కర్రకు ఇక పని లేదని. మా గారడీ తాత ఒక ఏడాది రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. ఆ వెదురుపుల్ల నా దగ్గరే ఉండిపోయింది. విరవాలో వద్దో తెలియదు, ఆయన ఉన్నాడో లేడో తెలియనప్పుడు ఎలా విరుస్తాం? ఇంట్లో దేవుడి గూట్లో ఉంది.

అధ్యక్షుల వారు చీటీ పంపారు. కళ్ళజోడు లేదు కానీ ఏం రాశారో తెలుసు. శాస్త్రీయ దృక్పథం వచ్చే ఏడాది చెబుతాను. నేర్చుకోవాలనుకునే పిల్లలు ఆదివారం పొద్దున్న మా ఇంటికి రండి, డబ్బులక్కర్లేదు. కర్ర మాత్రం నేనివ్వను, ఎవరిది వాళ్ళే చేసుకురావాలి. రంగు బాగా ఆరాక రండి. పోయినేడాది ఒకడు తడిరంగుతో వచ్చి కూర్చున్నాడు, మా సోఫా మీద ఆ నల్లగీత ఇంకా ఉంది. మా ఆవిడ ఎవరొచ్చినా ముందు అదే చూపిస్తోంది.