మారే లైట్ల కింద నాట్యాన్ని ఫొటో తీయడం

మిత్రులందరికీ నమస్కారం.

రవీంద్రభారతిలో కూచిపూడి కార్యక్రమం జరుగుతుంటే ముందు వరసల పక్కన నిలబడి ఫొటోలు తీసేవాళ్లలో మీరూ చాలామంది ఉంటారు. లైట్లు క్షణానికో రంగు మారుతుంటే సెట్టింగ్ ఏం పెట్టాలని అందరూ అడుగుతారు. ముందు పాట వినండి అంటాను నేను.

నాట్యంలో ప్రతి కదలికకూ లెక్క ఉంది. నట్టువాంగంలో, అంటే తాళాలు వాయిస్తూ నాట్యాన్ని నడిపించడంలో, జతి (తకిట తకధిమి లాంటి సొల్లుల వరస) మొదలైందంటే అది తీర్మానం అనే ముగింపు ముక్క దగ్గర ముగుస్తుంది. చాలాసార్లు ఒకే ముక్కను మూడుసార్లు పలుకుతారు. మూడోసారి చివరి దెబ్బ మీద నర్తకి భంగిమలో నిలుస్తుంది. ఆ క్షణానికి షట్టర్ వేగం 1/200 సెకను చాలు. అదే జతి మధ్యలో వేళ్లు చెదరకుండా రావాలంటే 1/500 కావాలి. పేరిణి అనే తాండవ నృత్యంలోని గెంతులకు ఇంకా ఎక్కువే. 1/200 నుంచి 1/500కి వెళ్తే అందే వెలుగు సగం కన్నా తక్కువకు పడిపోతుంది, ఆ మేరకు ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) పెంచాలి. తాళం తెలిస్తే ఆ అవసరం చాలావరకు తప్పుతుంది. పైగా లైట్లు నడిపే మనిషి కూడా ఆ పాటనే వింటుంటాడు. చరణం మారినప్పుడో, జతి అందుకున్నప్పుడో రంగు మారుస్తాడు. వీలైతే రిహార్సల్‌కి వెళ్లి ఆయనతో మాట్లాడండి. ఏ లెన్స్ కొన్నా అంత లాభం ఉండదు.

ఇక ఎక్స్‌పోజర్. వెనక నల్ల తెర ఉంటుంది కాబట్టి కెమెరాకి వదిలేస్తే అది చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది, ముఖం తెల్లగా పాలిపోతుంది. మాన్యువల్‌లో పెట్టి, ముఖం మీద స్పాట్ మీటరింగ్ (ఆ ఒక్కచోటి వెలుగునే కొలవడం) తీసుకోండి. తెర నల్లగానే పోనివ్వండి. అపర్చర్, షట్టర్ కదపకుండా ఐఎస్‌ఓ ఒక్కటే వేలితో తిప్పుతుంటే చాలు.

అసలు చిక్కంతా ఎల్ఈడీలతో. పాత హాలోజెన్ లైట్లు సుమారు 3200 కెల్విన్ దగ్గర ఉండేవి, ముందు రంగు కాగితం పెట్టినా అన్ని రంగులూ కొంత మిగిలేవి. ఎల్ఈడీ నీలం అంటే దాదాపు నీలమే. మామూలు సెన్సర్‌లో సగం పిక్సెళ్లు ఆకుపచ్చవి, పావు వంతు ఎరుపు, పావు వంతు నీలం. నీలం లైటు కింద ఆ పావు వంతే సరిగ్గా పనిచేస్తుంది. అందుకే ముఖం మసకగా, ముద్దగా వస్తుంది. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) బాగానే ఉన్నట్టు చూపిస్తుంది కానీ నీలం ఛానెల్ అప్పటికే నిండిపోయి ఉంటుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూడండి, ఒక స్టాప్ తగ్గించి (అంటే వెలుగు సగానికి), రా ఫైల్‌లో (సెన్సర్ సమాచారం మొత్తం ఉంచే ఫైల్) తీయండి. వైట్ బ్యాలెన్స్ (ఏది తెలుపో కెమెరాకి చెప్పే సెట్టింగ్) ఆటోలో వదలకుండా ఒకచోట కట్టేయండి. ఇంత చేసినా లేని ఎరుపును కంప్యూటర్‌లో తేలేం. ముందు నుంచి తెల్ల లైటు కాస్తయినా పడేదాకా ఆగడమే నయం. అలా రంగు చెడిన ఫొటోల్ని నలుపు తెలుపులోకి మార్చేయమంటారు కొందరు. కూచిపూడిలో ఆహార్యం (వేషధారణ) అలంకారం మాత్రమే కాదు, అభినయంలో ఒక భాగం. పట్టుచీర రంగు, పారాణి ఎరుపు పోగొట్టడానికి నాకు మనసొప్పదు.

నిశ్శబ్దంగా ఉంటుందని చాలామంది ఎలక్ట్రానిక్ షట్టర్ వాడుతున్నారు. ఎల్ఈడీలు కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి, సెన్సర్ వరసవరసగా చదువుతుంది, దాంతో ఫొటోలో అడ్డచారలు పడతాయి. యాంటీ ఫ్లికర్ సెట్టింగ్ 50 హెర్ట్జ్ కరెంటు వల్ల వచ్చే మినుకును ఉద్దేశించింది, ఎల్ఈడీలకు ప్రతిసారీ పనికిరాదు. మెకానికల్ షట్టర్‌కి మారితే చప్పుడు. పదం (నెమ్మదిగా సాగే అభినయ గీతం) అభినయిస్తున్నప్పుడు, హాలంతా నర్తకి కళ్లనే చూస్తున్నప్పుడు టకటకా పది ఫొటోలు కొట్టకండి. ఒక్కటి తీయండి. ఫ్లాష్ సంగతి చెప్పక్కర్లేదు, ఎప్పుడూ వద్దు.

తరంగం అనే కూచిపూడి అంశం గురించి ఒక మాట. ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలు పెట్టి నడిపిస్తారు కదా, స్టేజీ కిందే నిలబడితే ఆ అంచు కనబడదు. శిల్పకళావేదిక అయితే కొన్ని వరసలు వెనక్కి వెళ్లండి. పాదాలు కోసేసిన తరంగం ఫొటోకి అర్థం లేదు. 1/60 దగ్గర ప్రయత్నిస్తే, నిలకడగా ఉన్న క్షణం దొరికినప్పుడు ముఖం స్పష్టంగా, పళ్లెం కదులుతూ వస్తుంది.

కొత్తవాళ్లు శిల్పారామం ఆరుబయట వేదిక దగ్గర మొదలుపెట్టండి. వారాంతాల్లో నృత్య ప్రదర్శనలు ఉంటాయి. ముందుగా నిర్వాహకుల్ని, నర్తకిని అనుమతి అడగండి, ఫొటోలు వాళ్లకూ పంపండి. ఇప్పుడు కెమెరాలు తీయండి, ఆ మూడు రంగుల హిస్టోగ్రామ్ మీ మెనూలో ఎక్కడుందో చూద్దాం.