వైజాగ్‌లో పొద్దున్నే పక్షుల ఫోటోలు: ముందు ఎక్కడ నిలబడాలో తేల్చుకోండి

[స్క్రీన్: బీచ్, సూర్యోదయం. నల్లటి నీడలా ఎగిరిపోతున్న పక్షి]

ఈ ఫోటోలో ఉన్నది ఏ పక్షో చెప్పగలరా? కష్టమే. కెమెరాలో లోపమేం లేదు. మన వైజాగ్‌లో సూర్యుడు సముద్రం వైపు నుంచి లేస్తాడు కదా, అటు తిరిగి తీస్తే వెలుగంతా పక్షి వెనకే ఉండిపోతుంది. ఇలాంటి నీడ బొమ్మ ఒకటో రెండో ముచ్చటగానే ఉంటాయి. ఈకల రంగు, కంటిలో మెరుపు కావాలంటే మాత్రం ఎండ మీ వీపు మీద పడాలి.

[స్క్రీన్: మేఘాద్రిగెడ్డ మ్యాప్, తూర్పు గట్టు మీద బాణం గుర్తు]

మేఘాద్రిగెడ్డ జలాశయం లాంటి చోట తూర్పు గట్టున ఉండి, పడమటికి తిరగండి. తొలి ఎండ నేరుగా నీటికాకుల మీద, కొంగల మీద పడుతుంది. సూర్యోదయం జూన్‌లో 5:20 ప్రాంతంలో అయితే, జనవరిలో ఆరున్నర దగ్గరికి వస్తుంది. దానికి అరగంట ముందే మీ చోట్లో కుదురుకోండి. పక్షులు లేచాక మీరు నడుచుకుంటూ వెళ్తే అన్నీ ఒక్కసారిగా ఎగిరిపోతాయి. ముందుగా తీతువు అరిచి ఊరందరికీ చెప్పేస్తుంది!

[స్క్రీన్: మంచు పట్టిన లెన్స్]

ఇది మన తీరం వాళ్లకి ప్రత్యేకంగా ఉండే తలనొప్పి. రాత్రంతా ఏసీ గదిలో చల్లబడ్డ కెమెరాని బయట ఉక్కపోతలోకి తీయగానే అద్దం మీద చెమ్మ పడుతుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. అందుకే ముందు రాత్రే బ్యాగుని ఏసీ లేని గదిలో పెట్టండి. మర్చిపోతే, బయటికొచ్చాక అరగంట పాటు జిప్పు తీయకండి.

[స్క్రీన్: కెమెరా డయల్ క్లోజప్]

సెట్టింగ్స్ గురించి టెన్షన్ వద్దు. కొమ్మ మీద కూర్చున్న పిట్టకి షట్టర్ వేగం 1/500 సెకను, ఎగిరేదానికి 1/1000 లేదా 1/2000. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగ్) ఆటోలో వదిలేయండి. ఫోటోలో కాస్త నలుసులు (నాయిజ్) వచ్చినా పర్లేదు, షేక్ అయిన ఫోటోని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. ఎండలో తెల్ల కొంగని తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా, అంటే వెలుగు సగం అయ్యేదాకా తగ్గించండి, లేకపోతే ఈకలన్నీ సున్నం పూసినట్టు కలిసిపోతాయి. తెల్లటి ఆకాశం ముందు ఉన్న నీటికాకికైతే పెంచాలి.

[స్క్రీన్: కంబాలకొండ, చెట్ల మధ్య దారి]

కంబాలకొండలో లెక్క వేరు. అది అభయారణ్యం, గేటు ఎన్నింటికి తెరుస్తారో ముందు రోజే కనుక్కోండి. కొండల చాటున, చెట్ల నీడన వెలుగు ఆలస్యంగా వస్తుంది కాబట్టి తొందర లేదు. ఇక్కడ పిట్ట వెనకాల పరిగెత్తకండి. లకుముకి పిట్ట, నల్ల ఏట్రింత (బ్లాక్ డ్రాంగో) వేటాడి చాలాసార్లు అదే కొమ్మ మీదికి తిరిగొస్తాయి. ఆ కొమ్మ మీద ఫోకస్ పెట్టి కూర్చోండి. దారిలో తీగల మీద పాలపిట్ట కనబడితే ఆగండి. 2018 దాకా మన రాష్ట్ర పక్షి అదే, ఇప్పుడు ఆ పదవి రామచిలుకది. ఫోటోలో మాత్రం నా ఓటు ఇంకా పాలపిట్టకే.

[స్క్రీన్: కొండకర్ల ఆవ, తామరాకుల మధ్య దోనె]

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు. అచ్యుతాపురం దగ్గర, అనకాపల్లి జిల్లాలో ఉంది. తాటి దోనెలో కూర్చుంటే కెమెరా దాదాపు నీటి మట్టానికి వస్తుంది, పక్షి కళ్లకి ఎదురుగా ఉంటుంది. గట్టు మీద నుంచి కిందికి తీసిన ఫోటోకి ఆ అందం రాదు. దోనె ఊగుతుంది కాబట్టి ట్రైపాడ్ ఇంట్లోనే వదిలేసి, షట్టర్ వేగం ఇంకాస్త పెంచండి.

ఇక్కడ తామరాకుల మీద నడిచే పొడవు తోక జకానా (ఫెజంట్-టెయిల్డ్ జకానా) అనే నీటిపక్షిని చూడాలి. పొడవైన కాలివేళ్లతో బరువు పంచుకుంటుంది. దీని పొడవాటి తోక గూడు కట్టే కాలంలోనే, అంటే వానాకాలంలో ఉంటుంది. జనవరిలో వెళ్లి తోకేదని వెతక్కండి. గుడ్లు తేలే ఆకుల మీదే ఉంటాయి, పొదిగేది మగ పక్షి. దోనె దగ్గరికి పోతే అది లేచిపోతుంది, గుడ్లు ఎండకి, కాకులకి వదిలేసినట్టే. అక్కడ గూడు కనబడితే దోనె నడిపే ఆయనకి దూరంగా తిప్పమని చెప్పండి. ఆ ఫోటో పెట్టినా, గూడు ఏ మూలన ఉందో రాయకండి.